చితి దగ్గర పంచే పుస్తకం

తఫాన్‌హిన్,
ఏప్రిల్ 18, బౌద్ధ శకం 2518

కీర్తిశేషులు సవేంగ్ రత్తనవారి గారి కుటుంబ సభ్యులకు,

చరోయెన్ ప్రెస్సు కంపోజిటర్ సుథిన్ నమస్కరించి రాయునది.

మీరు బాంకాక్ నుంచి రైలు పార్సిల్లో పంపిన కట్ట నిన్న మధ్యాహ్నం చేరింది. చీటీ మీద పంపినవారి పేరు లేదు. "రత్తనవారి గృహం" అని మాత్రమే ఉంది. అందుకని ఈ ఉత్తరం ఇంటిల్లిపాదికీ రాస్తున్నాను. విప్పి చూస్తే టైపు చేసిన అరవై నాలుగు పేజీలు, ఒక ఫోటో, "జూన్ 14 దహనానికి ఐదువందల ప్రతులు" అన్న చిన్న కాగితం ఉన్నాయి. అట్ట మీద వేయాల్సిన విషయం మాత్రం లేదు.

మీ నాన్నగారు పోయినందుకు మా ప్రెస్సు యావత్తూ విచారిస్తున్నది. యావత్తూ అంటే నేనూ, మా యజమాని హెంగ్ గారూ, ఒక ట్రెడిల్ మిషనూ. ఆర్థికశాఖలో నాలుగో తరగతి గుమాస్తాగా చేరి, మెట్టు మెట్టుగా శాఖ కార్యదర్శి అయి, పదవీ విరమణ తరువాత అయిదు నెలల పదకొండు రోజులు ఆర్థికమంత్రిగా ఉన్న మనిషి పుస్తకం మా ఊళ్లో అచ్చుకావడం ఇదే మొదలు. దహనం నాడు వచ్చినవాళ్లకి పంచే ఇలాంటి జీవితకథలు ఇక్కడ సాధారణంగా మిల్లు యజమానులకీ, వాళ్ల అత్తగార్లకీ వేస్తుంటాం.

రెండు సందేహాలు. ఒకటి, చనిపోయిన తేదీ ఎక్కడా లేదు. అరవై నాలుగో పేజీ "మంత్రివర్గం రాజీనామా సమర్పించినది" అని ఆగిపోయింది. దాన్నే మరణంగా భావించమంటారా? రెండు, అట్ట విషయం వెంటనే పంపండి.

ఇట్లు
సుథిన్

తా.క.: ఫోటోలో మీ నాన్నగారు తెల్లని అధికార దుస్తుల్లో, పతకాలతో నిండుగా ఉన్నారు. కుడివైపు అంచున ఎవరో ఆడమనిషి భుజం, సగం ముఖం పడ్డాయి. బ్లాకు చేయించేటప్పుడు కత్తిరించమంటారా?

*

లేఖ సంఖ్య 1/2518
బాంకాక్, ఏప్రిల్ 23

విషయం: నేను జీవించి యుండుట గురించి.
సూచిక: మీ 18వ తేదీ లేఖ.
జతపరచినవి: లేవు.

చరోయెన్ ప్రెస్సు కంపోజిటర్ గారికి,

పై సూచికలోని లేఖ పరిశీలించడమైనది. అందు పేర్కొన్న సవేంగ్ రత్తనవారి అను వ్యక్తిని నేనే. ఈ లేఖ రాయు సమయానికి జీవించియే ఉన్నాను. కావున మరణ తేదీ సమకూర్చుటకు వీలుపడదు. నాకు సంతానము లేదు. మీరు "మీ నాన్నగారు" అని సంబోధించిన వారెవరూ ఈ ఇంట లేరు.

దహనము జూన్ 14న, తఫాన్‌హిన్‌లోనే, మీ ఊరి ఏటి ఒడ్డు ఆలయములో. తేదీ మారదు. ఆనాటికి ఐదువందల ప్రతులు అందవలెను. అట్ట విషయము తగు సమయములో వేరుగా పంపబడును. ప్రస్తుతము అది పరిశీలనలో ఉన్నది.

ఫోటో కత్తిరించరాదు.

ఇట్లు
సవేంగ్ రత్తనవారి

తా.క.: మీరు పంపిన సంతాపము పొరపాటున పంపినదే అయినను, దానిని వాపసు చేయుట లేదు. ఉంచుకొనుచున్నాను.

*

తఫాన్‌హిన్,
ఏప్రిల్ 27

బతికే ఉన్న మంత్రిగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి భయపడ్డాను, రెండోసారి నవ్వాను, మూడోసారి ఒళ్లు మండింది.

తన దహన సంచిక తానే బతికుండగా వేయించుకునే గొప్పవాళ్లున్నారని విన్నాను. కానీ తన దహనానికి తేదీ కూడా తానే ఖరారు చేసుకున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాను! జూన్ పద్నాలుగున పోవాలని ఏ సమావేశంలో తీర్మానించారు? ప్రణాళికలు వేసీ వేసీ చివరికి చావుకి కూడా గడువు పెట్టుకున్నారా? ఆ రోజుకి మీరు పోకపోతే ఐదువందల ప్రతులూ ఏం చేయమంటారు?

హెంగ్ గారికి చదివి వినిపించాను. "ఒరేయ్, డబ్బిచ్చేవాడు ఎప్పుడు చస్తాడో మనకెందుకురా?" అన్నారు. "మీకు సూత్రబద్ధత లేదు" అన్నాను. "నాకు ట్రెడిల్ మిషన్ ఉంది, చాలు" అన్నారు. ఈ దేశంలో పెట్టుబడిదారులు ఇలా ఉన్నారు.

ఇక అసలు విషయం. నేను నాలుగో తరగతిలో బడి మానేశాను. చదువు నాకు రెండు చోట్ల వచ్చింది. ఒకటి, స్టేషన్ దగ్గర విద్యార్థులు పంచే కరపత్రాల్లో. ఇప్పటికి యాభై మూడు చదివాను, పన్నెండు నేనే కంపోజ్ చేశాను. రెండు, సీసపు అక్షరాల్లో. అక్షరాలు తిరగేసి చదవడం మా వృత్తి. మీ అరవై నాలుగు పేజీలు కూడా అలాగే చదివాను.

31వ పేజీ. 2498వ సంవత్సరం. "బియ్యం ఎగుమతి పన్ను ముసాయిదా స్వయముగా రచించితిని. అది దేశ ఖజానాకు మూలస్తంభమై నిలచినది" అని రాసుకున్నారు. తరువాతి వాక్యంలోనే పతకం తగిలించుకున్నారు. ఆ స్తంభం ఎవరి గుండెల మీద పాతారో తెలుసా? ఓడరేవులో మీరు టన్నుకి ఇంతని పన్ను వేస్తే (లెక్కల కోసం ఒక కరపత్రం జతచేశాను), ఎగుమతిదారు దాన్ని మిల్లువాడి మీదికి తోశాడు. మిల్లువాడు మా నాన్న ఫువాంగ్ వడ్ల మీదికి తోశాడు. మా నాన్న ఎవరి మీదికి తోయాలో తెలియక, పదిహేను రాయ్‌ల మడి మిల్లుకే రాసిచ్చి, ఇప్పుడు అదే మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. ఇది మీ పేజీలో లేదు. పతకం బరువు మాత్రం గ్రాముల్లో ఉంది.

31వ పేజీలో ఒక్క వాక్యం చేర్చండి: "ఇది తప్పు, ఈ తప్పు చేసింది నేను" అని. చేర్చేదాకా ఆ పేజీ కంపోజ్ చేయను. అది లేకుండా పుస్తకం కుట్టడం కుదరదు. పద్నాలుగో తేదీ మీరు ఉత్త చేతులతో చితెక్కాల్సి ఉంటుంది.

విప్లవాభివందనాలతో
సుథిన్

తా.క.: "కీలకమైన" అన్న మాట నలభై ఒక్కసార్లు వాడారు. మా దగ్గర ఆ మాటకి కావలసిన సీసపు అక్షరాలు పన్నెండో పేజీకే అయిపోయాయి. పదమూడో పేజీ నుంచి "ఒక మాదిరి" అని వేశాను.

*

లేఖ సంఖ్య 2/2518
బాంకాక్, మే 3

విషయం: (1) 31వ పేజీ (2) "ఒక మాదిరి" పదము తొలగింపు.
సూచిక: మీ 27వ తేదీ లేఖ.
జతపరచినవి: వివరణ, మూడు పేజీలు.

కంపోజిటర్ గారికి,

1. దహన తేదీ నేను నిర్ణయించినది కాదు. ఆలయ పెద్దభిక్షువు నూరవ రోజు లెక్కించి నిర్ణయించినారు. ఈ విషయమై ఇక ఉత్తర ప్రత్యుత్తరములు అనవసరము.

2. ఎగుమతి పన్ను వలన నగరములలో బియ్యము చవక అయినది. కార్మికుడు, రిక్షావాడు, గుమాస్తా కడుపు నిండ తిన్నారు. ఆసుపత్రులు, రోడ్లు వచ్చినవి. మీ నాన్నగారి పొలము విషయమై విచారిస్తున్నాను. కాని ఒక్క పొలమును బట్టి విధానమును నిర్ణయించలేము. వివరణ జతపరచితిని, 31వ పేజీకి అడుగున చిన్న అక్షరములలో వేయవలెను.

3. మీరు ఉదాహరించిన కరపత్రములోని లెక్క తప్పు. అది మెట్రిక్ టన్ను. మీవారు పాత టన్ను వాడినారు.

4. 2507వ సంవత్సరములో "ఒక మాదిరి సంస్కరణలు" ప్రవేశపెట్టితిని అని వచ్చుచున్నది. నా తరువాత ఆ పదవిలో కూర్చున్నవారు ఇది చదివి సంతోషించెదరు. సవరించవలెను.

ఇట్లు
సవేంగ్ రత్తనవారి

తా.క.: మీ లేఖను బట్టి మీరు రైతు ఇంటి బిడ్డ అని తెలియుచున్నది. కావున అడుగుచున్నాను. అన్నము వండునపుడు నీరు ఎంత పోయవలెను? ఒకరికి మాత్రమే. నేను చేసిన మూడు ప్రయత్నములలో ఒకటి గంజి అయినది, రెండు గిన్నెకు అంటుకొన్నవి.

*

తఫాన్‌హిన్,
మే 8

మహారాజశ్రీ మాజీ ఆర్థికమంత్రి గారికి,

మీ తా.క. ప్రెస్సులో గట్టిగా చదివాను. ట్రెడిల్ ఆగిపోయింది. హెంగ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. దేశం మొత్తానికి బియ్యం ధర కట్టిన మనిషికి ఎసరెంత పెట్టాలో తెలియదు! ఇరవై ఏళ్లు గింజ మీద పన్ను వేశారు గానీ, ఆ గింజ ఉడుకుతుంటే ఒక్కసారైనా మూత తీసి చూడలేదన్నమాట!

రాసుకోండి. బియ్యం కడిగి, చదును చేసి, వేలు నిలబెట్టండి. బియ్యం పైన వేలి మొదటి కణుపు దాకా నీళ్లు. ఒకరికైనా, పదిమందికైనా అంతే. పాత టన్ను, కొత్త టన్ను తేడా లేదు. ఇది మా అమ్మ చెప్పింది. "పాపం, ఒంటరివాడిలా ఉన్నాడురా, తిట్టకు" అని కూడా చెప్పింది. మొదటిది మాత్రమే పాటిస్తున్నాను.

మీ మూడు పేజీల వివరణ చూశాను. "విచారిస్తున్నాను" అన్న మాట ఒకటుంది. దాని పక్కనే "కాని" ఉంది. ఈ దేశంలో అధికారుల విచారాలన్నీ ఆ "కాని" దగ్గరే చచ్చిపోతున్నాయి. నేను అడిగింది విచారం కాదు, వాక్యం.

మా నాన్నకి మీ పేజీ చదివి వినిపించాను. బస్తా దించి, చెమట తుడుచుకుని, ఒక్కటే అడిగాడు: "అంత పెద్ద భవనంలో, ఇది తప్పురా అని ఆయనకి చెప్పినవాడు ఒక్కడూ లేడా?" నేనూ అదే అడుగుతున్నాను. ఒక్కడూ లేడా?

ఇంకొకటి. ఫోటో కత్తిరించాను. మీరు వద్దన్నారు, నిజమే. కానీ ఆ పక్కనున్నావిడ ఎవరా అని అరవై నాలుగు పేజీలూ వెతికాను. తొమ్మిదో పేజీలో ఒకే ఒక్క లైను: "2479. మూడవ తరగతికి పదోన్నతి. ఆ సంవత్సరమే వివాహము." అంతే. పతకాలకి గ్రాముల లెక్కలున్నాయి, భార్యకి పేరు కూడా లేదు. నేను కత్తెర ఇప్పుడు పట్టుకున్నాను గానీ, మీరు ఎప్పుడో కత్తిరించేశారు. బ్లాకు ప్రూఫు జతచేస్తున్నాను. మీరొక్కరే ఉన్నారు. చూసుకుని మురిసిపొండి.

సుథిన్

తా.క.: "ఒక మాదిరి" అలాగే ఉంటుంది.

*

తఫాన్‌హిన్,
మే 24

సవేంగ్ గారికి,

పదహారు రోజులైంది. మీ నుంచి జవాబు లేదు. లేఖ సంఖ్య 3 రాలేదు.

నేను రాసిన వాటిలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవడం లేదు. ఇది ముందు గమనించగలరు. కానీ రోజూ పదకొండు గంటల రైలు వచ్చినప్పుడల్లా హెంగ్ గారు "మీ మంత్రి రాశాడా?" అంటున్నారు. మా అమ్మ "నీ నోటి దురుసుకి పెద్దాయన ఏమైపోయాడోరా" అంటోంది. మా నాన్న మిల్లు నుంచి వస్తూ రోజూ ప్రెస్సు గుమ్మం దాకా వచ్చి, నా బల్ల మీదికి తొంగి చూసి పోతున్నాడు. అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

మీరు నిజంగానే పోలేదు కదా? పోయి ఉంటే ఎవరితోనైనా ఒక కార్డు రాయించండి.

సుథిన్

తా.క.: మళ్లీ సంతాపం పంపాల్సి వస్తుందేమోనని భయంగా ఉంది. ఈసారి పంపితే నిజం సంతాపమే అవుతుంది.

*

బాంకాక్,
మే 28

నాయనా సుథిన్,

ఈ ఉత్తరానికి సంఖ్య వేయలేదు. ఏ ఫైలులో పెట్టాలో తెలియలేదు.

బ్లాకు ప్రూఫు అందింది. బల్ల మీద పెట్టుకుని చూశాను. నువ్వు రాసినట్టే, నేనొక్కణ్నే ఉన్నాను. అది ఇప్పుడు నిజమే కాబట్టి, నీ మీద కోపం తెచ్చుకోలేకపోయాను.

నువ్వు కత్తిరించిన మనిషి పేరు లమయ్. నా భార్య. మార్చి ఆరో తేదీన పోయింది. జూన్ పద్నాలుగున దహనం ఆమెకి. మీ ఊరు ఆమె పుట్టిన ఊరు, అందుకే అక్కడ, అందుకే మీ ప్రెస్సు. ఈ పుస్తకం నాది కాదు నాయనా, ఆమెది.

మొదటి ఉత్తరంలోనే ఎందుకు చెప్పలేదని అడుగుతావు. అట్ట మీద ఆమె పేరు రాసి, దాని పక్కన ఆ తేదీ వేయాలి. కాగితం ఎన్నిసార్లు టైపు మిషన్‌లో పెట్టినా, "పరిశీలనలో ఉన్నది" అని పక్కకి పెట్టేశాను. నలభై ఏళ్లు అదే చేశాను, చేతకాని ప్రతి పనినీ. నువ్వు నేనే పోయానని సంతాపం పంపావు చూడు, ఈ ఇంటికి వచ్చిన సంతాపాల్లో సరైన చిరునామాకి వచ్చింది అదొక్కటే అనిపించింది. అందుకే ఉంచుకున్నాను.

ఆచారం ప్రకారం ఆమె జీవితం భర్తే రాయాలి. కూర్చున్నాను. 2493లో ఆమె ఏం చేసింది అని తలచుకుంటే, రైల్వే రుణం ఒప్పందం గుర్తొచ్చింది. 2501లో ఆమెకి పెద్ద జబ్బు చేసింది. ఏ జబ్బో గుర్తు లేదు, ఆ నెల బడ్జెట్టు అని గుర్తుంది. ఏ సంవత్సరం తలుపు తట్టినా ఒక ఫైలు బయటికొచ్చింది. ఆమె దొరుకుతుందేమోనని రాసుకుంటూ పోయాను. అరవై నాలుగు పేజీలైంది. దొరకలేదు.

మీ నాన్నగారు అడిగారే, చెప్పినవాడు ఒక్కడూ లేడా అని. ఆ ప్రశ్నతోనే ఇన్ని రోజులు కూర్చున్నాను. ఉన్నారు. ఒక్కరు.

ముసాయిదా నేను ఇంటి దగ్గరే రాశాను. ఉదయం ఆమె నా తెల్లకోటు ఇస్త్రీ చేస్తూ, "ఏమండీ, ఇదొస్తే మా అన్నయ్య వడ్లు ఎవరు కొంటారు?" అంది. వాళ్ల అన్నకి మీ ఊరి పక్కనే పొలం ఉండేది. నేను చదువుతున్న కాగితం లోంచి తల ఎత్తలేదు. "ఇది ఆర్థికశాస్త్రం. నీకు అర్థం కాదులే" అన్నాను. "అవునా. సరే" అంది. కోటు ఇచ్చింది. వెళ్లాను. ఆ సంవత్సరమే పతకం వచ్చింది.

ఆ తరువాత ఇరవై ఏళ్లలో ఆఫీసు గురించి ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు. నాకు అది సుఖంగా ఉందనుకున్నాను. మంత్రినైన రోజు కూడా, "కొత్త కారులో చల్లగాలి ఎక్కువ పెట్టించుకోకండి, జలుబు చేస్తుంది" అని మాత్రం అంది. వాళ్ల అన్న ఏమయ్యాడో నేనెప్పుడూ అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

మొన్న మంత్రిత్వశాఖ కాపలావాడు పరామర్శకి వచ్చాడు. అతను చెప్పాడు: ఆమెకి లిఫ్ట్ అంటే భయమట. నేను ఐదో అంతస్తులో కూర్చున్న అయిదు నెలల పదకొండు రోజులూ, నా భోజనం క్యారేజీ తెచ్చి కింద అతని చేతికిచ్చి, కాసేపు బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయేదట. ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవాళ్లట. నేను పైన దేశం గురించి ఆలోచిస్తూ, ఈ చేపల పులుసు ఎవరు పంపారని కూడా అడగకుండా తిన్నాను.

కాబట్టి నాయనా, కంపోజ్ చేసిన పేజీలన్నీ విడగొట్టి అక్షరాలు గళ్లల్లో వేసెయ్యి. నీకు "కీలకమైన"లు కూడా బోలెడు మిగులుతాయి. కొత్త రాతప్రతి జతచేస్తున్నాను. ఆమె పేరు, తేదీలు, ఇస్త్రీ చేసిన ఉదయం, కాపలావాడు చెప్పిన సంగతి. నాలుగు పేజీలు. నాలుగు పేజీలకి మించి నాకామె తెలియదు. పలచగా ఉందని హెంగ్ గారు అంటే, రచయిత లోపమని చెప్పు.

నువ్వు అడిగిన వాక్యం మూడో పేజీలో ఉంటుంది. ఇదిగో:

"బియ్యం ఎగుమతి పన్ను ముసాయిదా రాసింది నేను. అది రైతు నోటి దగ్గర కూడు తీస్తుందని నాకు ముందే ఒకరు చెప్పారు. చెప్పింది భార్య కాబట్టి వినలేదు."

చిన్న అక్షరాల్లో వేయకు. "కాని" ఎక్కడా లేదు, రెండుసార్లు చూసుకున్నాను. అచ్చయ్యాక మొదటి ప్రతి మీ నాన్నగారికి ఇవ్వు. ఆ పొలం దానితో తిరిగి రాదని నాకు తెలుసు.

మీ
సవేంగ్

తా.క. 1: నీళ్లు వేలి కణుపు దాకా పోశాను. అన్నం కుదిరింది. మీ అమ్మగారికి చెప్పు. తినబోయే ముందు, ఎవరినో పిలవడానికి నోరు తెరిచాను.

తా.క. 2: ప్రతులు పంచాల్సిన ఐదువందల మంది జాబితా నా దగ్గర ఉంది. అందరూ నా శాఖలవాళ్లే. ఆమె స్నేహితులది ఒక్క పేరు కూడా నాకు తెలియదు. నువ్వు నీకు వీలైనప్పుడు తఫాన్‌హిన్ బజారుకి వెళ్లి, కూరగాయల వైపు, చేపల వైపు, ముసలమ్మలు కూర్చునే చోటల్లా, "రత్తనవారి గారింట పడ్డ లమయ్ తెలుసా?" అని అడుగు. తెలుసు పాపం అని ఊరుకునేవాళ్లు కొందరుంటారు. తెలుసంటూనే నన్ను తిట్టడం మొదలుపెట్టేవాళ్లు కొందరుంటారు. పద్నాలుగో తేదీ దహనానికి మొదట ఆ తిట్టేవాళ్లనే పిలువు.